గోదావరి డెల్టాలో ఇల్లు కడుతున్నారా? పునాది నుంచి శ్లాబ్ దాకా మేస్త్రి మాటలు, వాటి వెనక కొలతలు

"బేస్‌మెంట్ దాకా ఒక రేటండి, ఆపైన శ్లాబ్ ఏరియా లెక్క. సంప్, పిట్టగోడ ఎక్స్‌ట్రా." మేస్త్రి ఇలా గబగబా చెప్తాడు, మనం తలూపి అడ్వాన్స్ ఇచ్చేస్తాం. పని మొదలయ్యాక ఆ మాటలకి అర్థాలు వెతుక్కుంటాం. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు ఇల్లు మొదలుపెట్టబోయేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఈ మాటల గురించే. అందుకే వాటిని పని జరిగే వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. ఏ మాట ఏ రోజు వినిపిస్తుందో, ఆ రోజు మీరు ఏం కొలిచి చూడాలో పక్కనే ఉంటుంది.

## 1. ముందుగా ఒక నోట్‌బుక్, మూడు ప్రశ్నలు

మేస్త్రి నోట కొత్త మాట వచ్చినప్పుడల్లా మూడు సంగతులు అడిగి రాసుకోండి: అది ఎక్కడ వస్తుంది? కొలత ఎంత? ఖర్చు ఎవరిది?

"మేస్త్రిగారూ, ప్లింత్ బీమ్ ఎంత లోతు, ఎంత వెడల్పు? అందులో ఎన్ని రాడ్లు? మీ రేటులో కలిసి ఉందా?" అని అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. పని తెలిసిన మేస్త్రి సంతోషంగా చెప్తాడు. చెప్పకుండా దాటేస్తే, ఒప్పందం రాసుకునే ముందే ఆలోచించండి.

దగ్గర ఉండాల్సినవి:

- స్ట్రక్చరల్ ఇంజనీర్ గీసిన డ్రాయింగ్ కాపీలు రెండు. ఒకటి సైటులో, ఒకటి మీ దగ్గర.
- ఉక్కు టేపు. గుడ్డ టేపు సాగుతుంది.
- పారదర్శకమైన లెవెల్ ట్యూబు, దారం ఉండ.
- ఫోన్‌లో ఫొటోలు. కాంక్రీటు కప్పేసే ప్రతిదాన్నీ తేదీతో తీసి ఉంచండి.

## 2. స్థలం లెక్క, కాంట్రాక్టు మాటలు

సెంటు అంటే 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. ఐదు సెంట్ల స్థలమంటే 242 గజాలు.

సెట్‌బ్యాక్: హద్దు నుంచి గోడకి వదలాల్సిన ఖాళీ. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా, ప్లాన్ అప్రూవల్‌లో ఎంత చూపించారో సైటులోనూ అంతే వదలాలి.

ప్లింత్ ఏరియా: గోడల మందంతో కలిపి ఇల్లు ఆక్రమించే వైశాల్యం. కార్పెట్ ఏరియా: గోడలు పోగా లోపల వాడుకునే నేల. శ్లాబ్ ఏరియా: పైన పోసిన కప్పు మొత్తం. ఈ మూడూ వేరువేరు అంకెలు. రేటు దేని మీదో కాగితం మీద ఉండాలి.

లేబర్ కాంట్రాక్టు అంటే కూలి వాళ్ళది, సామాను మీది. మెటీరియల్ కాంట్రాక్టు అంటే రెండూ వాళ్ళవే. రెండోది ఎంచుకుంటే సిమెంటు రకం, ఇనుము గ్రేడు, ఇటుక, టైల్ ధర, తలుపుల కర్ర అన్నీ రాయించుకోండి. "మంచి క్వాలిటీ వేస్తాం" అన్న మాట ఒప్పందం కాదు.

గొడవలు ఎక్కువగా వచ్చేవి ఇవి. ఒక్కొక్కటి రేటులో ఉందో లేదో ముందే టిక్ పెట్టుకోండి:

- సన్‌షేడ్లు, అటకలు, వంటగట్టు
- మెట్లు, మెట్ల గది
- పిట్టగోడ, ప్రహరీ
- సంప్ (నేలలో కట్టే నీటి తొట్టి), సెప్టిక్ ట్యాంక్
- పునాది గోతిలో నీళ్ళు తోడే మోటారు, డీజిల్
- బేస్‌మెంట్ లోపల మట్టి, ఇసుక నింపడం
- సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా కింద నిలిపే షీట్లు, ఆధారాలు) సామాను అద్దె
- క్యూరింగ్ చేసే (కాంక్రీటుని రోజూ తడిపే) మనిషి

గోతిలో నీళ్ళు తోడే ఖర్చు మెట్ట ప్రాంతంలో పెద్దగా ఎదురుకాదు. మన దగ్గర మాత్రం నాలుగు అడుగులు తవ్వగానే నీరు ఊరే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ ఖర్చు ఎవరిదో తప్పకుండా రాసుకోవాలి.

## 3. నేల, నీళ్ళు, ఇసుక

డెల్టాలో ఇల్లు నిలబడేదీ చెడిపోయేదీ ఇక్కడే. ఈ భాగం మీద ఎక్కువ సమయం పెట్టండి. ఎలివేషన్ బొమ్మల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎస్‌బీసీ: నేల కుంగకుండా ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె. సాయిల్ టెస్ట్ రిపోర్టులో వస్తుంది. "పక్కింటాయన మామూలు ఫుటింగులే వేశాడు" అన్నది ఆధారం కాదు. మీ స్థలం ఒకప్పుడు వరి చేనో, చెరువో, పూడ్చిన పంట బోదో అయి ఉండొచ్చు. ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి తెలుసుకుని ఇంజనీరుకి చెప్పండి.

నల్లమట్టి వర్షాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోయి బీటలు వారుతుంది. దాని మీద తక్కువ లోతులో పునాది వేస్తే గోడలకి ఏటవాలు పగుళ్ళు వస్తాయి. అందుకే రిపోర్టు చూసి ఇంజనీరు ఈ మూడింటిలో ఒకటి చెప్తారు:

- ఐసోలేటెడ్ ఫుటింగ్: ఒక్కో పిల్లర్ కింద ఒక్కో కాంక్రీటు దిమ్మె. నేల గట్టిగా ఉన్న చోట.
- రాఫ్ట్: ఇల్లు మొత్తం కింద ఒకే మందపాటి శ్లాబ్. మెత్తటి నేలలో బరువుని అంతటా పంచుతుంది.
- పైల్: భూమిలోకి లోతుగా గుండ్రటి బోరు వేసి, ఇనుప బుట్ట దింపి, కాంక్రీటు పోసే స్తంభం. అడుగున ఉబ్బుగా ఉండేలా చేస్తే అండర్‌రీమ్డ్ పైల్. నల్లరేగడి నేలలకి బాగా పనికొస్తుంది.

తవ్వే కాలం: వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక భూగర్భ నీటిమట్టం దిగుతుంది. గోతులు తవ్వడానికి, బెడ్ వేయడానికి అదే అనువైన సమయం. అయితే అప్పుడే తడపడానికి మంచి నీళ్ళు దొరకవు. కాలువలకి నీళ్ళు ఆపకముందే సంప్ నింపుకోండి, లేదా ట్యాంకర్ మాట్లాడి పెట్టుకోండి.

నీళ్ళు: తీరం వైపు, రొయ్యల చెరువుల పక్కన బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కాంక్రీటు కలిపితే అందులోని క్లోరైడు రాడ్లని తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటుని పెచ్చులుగా ఊడగొడుతుంది. ఇనుము ఉన్న కాంక్రీటుకి వాడే నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదని, పీహెచ్ 6కి తగ్గకూడదని ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం) చెప్తుంది. సీసాలో నీళ్ళు పట్టి ల్యాబ్‌లో ఇవ్వండి. నాలుక మీద వేసుకుని "ఉప్పు లేదులే" అనుకోవద్దు.

ఇసుక: సముద్రపు పాయల దగ్గర తీసిన ఇసుక కాంక్రీటుకి వద్దు. నది ఇసుక వచ్చాక గాజు సీసాలో సగం దాకా పోసి, కొంచెం ఉప్పు కలిపిన నీళ్ళు నింపి, బాగా కుదిపి, కొన్ని గంటలు కదలకుండా ఉంచండి. పైన తేరిన ఒండ్రు పొర ఇసుక ఎత్తులో 8 శాతం మించితే ఆ లోడు కడగాలి, లేదా వెనక్కి పంపాలి. ఈ పరీక్షలో ఉప్పు ఒండ్రుని త్వరగా తేర్చడానికే. మిగిలిన ఇసుకలో దాన్ని కలపొద్దు. సన్నటి బొండు ఇసుక బేస్‌మెంట్ నింపడానికి సరిపోతుంది, కాంక్రీటుకి కాదు.

తడి ఇసుక ఉబ్బి ఎక్కువగా కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు. తడి ఇసుక ఒక యూనిట్ కొంటే, ఆరాక అంత ఉండదు.

## 4. ముగ్గు నుంచి బేస్‌మెంట్ దాకా

ముగ్గు పోయడం, లేదా మార్కింగ్: గోడలు, పిల్లర్లు వచ్చే చోట్లని సున్నంతో నేల మీద గీయడం. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో మీరే చూడొచ్చు. మూల నుంచి ఒక వైపు 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలవండి. సరిగ్గా 5 అడుగులు రావాలి. గది పెద్దదైతే 6, 8, 10 తీసుకోండి. ఇక్కడ రెండంగుళాలు తేడా వస్తే చివర్లో టైల్స్ దగ్గర వంకర కనిపిస్తుంది.

బెడ్ కాంక్రీట్, లేదా పీసీసీ: గోతి అడుగున ఇనుము లేకుండా వేసే పలచటి కాంక్రీటు పొర. నీళ్ళు తోడేసి, బురద తీసేశాకే వేయాలి. ఊరుతున్న నీళ్ళలో పోస్తే సిమెంటు కొట్టుకుపోయి కంకర మిగులుతుంది. ఓ మూల చిన్న గుంట తీసి, నీళ్ళు అక్కడికి చేరేలా చేసి, పని అయ్యేదాకా మోటారు ఆపకండి.

కాలమ్ స్టార్టర్: ఫుటింగ్ మీద పిల్లర్ మొదలయ్యే చిన్న దిమ్మె. పిల్లర్ సరైన చోట లేచేది దీన్ని బట్టే. పోసిన మర్నాడు దారం కట్టి చూడండి.

ప్లింత్ బీమ్: పిల్లర్లన్నిటినీ నేల మట్టం దగ్గర కలిపే బీమ్. గోడ దీని మీద లేస్తుంది.

బేస్‌మెంట్: మన వైపు ఈ మాటకి నేల మట్టం నుంచి ఇంటి గచ్చు దాకా ఉన్న ఎత్తు అని అర్థం. ప్రభుత్వ ఇళ్ళ పథకం బిల్లుల్లో కూడా "బేస్‌మెంట్ లెవెల్" అంటే ఇదే. ఎంత ఎత్తు పెట్టాలన్నది రోడ్డుని చూసి, వరద గుర్తుని చూసి తేల్చాలి. లంక గ్రామాల్లో, ఏటిగట్టు దగ్గర ఉన్నవాళ్ళు 1986 ఆగస్టు వరద, 2022 జూలై వరద నీళ్ళు తమ వీధిలో ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్ళని అడిగి, ఆ మట్టానికి పైన గచ్చు వచ్చేలా చూసుకోండి. రోడ్లు మళ్ళీ వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతాయని కూడా లెక్కలో పెట్టుకోండి.

ఫిల్లింగ్: బేస్‌మెంట్ లోపల నింపడం. ఒకేసారి ట్రాక్టర్లు దింపేసి పైన చదును చేస్తే రెండో ఏడాదికి గచ్చు కుంగుతుంది. అర అడుగు నుంచి ముప్పావు అడుగు పొర వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, ఆపైన ఇంకో పొర వేయాలి. గచ్చు కింద నల్లమట్టి వేయనివ్వకండి.

డీపీసీ: నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా వేసే పొర. ప్లింత్ బీమ్ ఉంది కదా అని కొందరు దీన్ని మానేస్తారు. నీటిమట్టం ఇంత పైన ఉండే చోట మానొద్దు. గోడ అడుగున పెయింట్ పొక్కులు లేచి తెల్లటి ఉప్పు పూయడం మొదలయ్యాక ఆపడం చాలా కష్టం.

## 5. ఇనుము, కవర్

రాడ్ల మీద Fe 500 లేదా Fe 500D అని గ్రేడు ఉంటుంది. కొత్త రాడ్ పొడవు సాధారణంగా 12 మీటర్లు. దాని బరువు 8 ఎంఎంకి 4.74 కిలోలు, 10 ఎంఎంకి 7.4, 12 ఎంఎంకి 10.67, 16 ఎంఎంకి దాదాపు 19 కిలోలు. మధ్యరకం కొలతలకి సూత్రం తేలికే: ఎంఎంని ఎంఎంతో గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. లోడు వచ్చినప్పుడు రెండు మూడు రాడ్లు తూకం వేయించండి.

- రింగులు, లేదా స్టిరప్స్: పిల్లర్, బీమ్ రాడ్లని చుట్టే చట్రాలు. కొస లోపలికి 135 డిగ్రీలు వంగాలి. ఎల్ ఆకారంలో వదిలేస్తే ఒత్తిడి వచ్చినప్పుడు విప్పుకుంటాయి.
- ల్యాప్: ఒక రాడ్‌కి ఇంకో రాడ్ కలిపే చోట పక్కపక్కన ఉంచే పొడవు. సైటులో వాడే లెక్క రాడ్ మందానికి 50 రెట్లు. 12 ఎంఎంకి రెండు అడుగులు. అన్ని ల్యాపులూ ఒకే చోట రాకూడదు.
- కవర్: రాడ్‌కీ కాంక్రీటు బయటి అంచుకీ మధ్య దూరం.

కవర్ గురించి ఇంకొంచెం చెప్పాలి. గాలి, ఉప్పు, చెమ్మ రాడ్ దాకా చేరకుండా ఆపేది ఇదే. ఫుటింగ్‌కి 50 ఎంఎం, పిల్లర్‌కి 40 ఎంఎం తగ్గకూడదు. ఇంటి లోపలి శ్లాబ్‌కి మామూలుగా 20 ఎంఎం. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలి తగిలే కాంక్రీటుని ఐఎస్ 456 తీవ్రమైన పరిస్థితిగా లెక్కిస్తుంది. అక్కడ 45 ఎంఎం కవర్, కనీసం ఎం 30 కాంక్రీటు కావాలి (ఎం పక్కన అంకె కాంక్రీటు బలాన్ని చెప్తుంది). దాన్ని డిజైన్ మిక్స్‌గానే, అంటే పాళ్ళు ల్యాబ్‌లో తేల్చి, చేయించాలి. సైటులో డబ్బాలతో కొలిచే లెక్క ఎం 20 దాకానే పనికొస్తుంది.

రాడ్ల కింద కంకర ముక్క పెట్టి "కవర్ ఉందండి" అంటారు. ఒప్పుకోకండి. తొక్కగానే ముక్క జారిపోతుంది. అదే కాంక్రీటుతో చేసిన కవర్ బ్లాకులు ముందే పోయించి, తడిపి ఉంచుకోండి.

## 6. గోడలు, లింటెల్

తొమ్మిదంగుళాల గోడ బయటికి, నాలుగున్నర అంగుళాల గోడ లోపలికి. ఇటుకని 24 గంటలు నానబెట్టి తూస్తే, పొడిగా ఉన్నప్పటి బరువు మీద 20 శాతం కంటే ఎక్కువ పెరగకూడదు. వాడే ముందు ఇటుకలు తడపాలి. పొడి ఇటుక మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) లోని నీళ్ళు పీల్చేస్తుంది.

మాలు పెద్ద గోడకి సిమెంటు ఒకటికి ఇసుక ఆరు, చిన్న గోడకి ఒకటికి నాలుగు. నిలువు గుండుతో, మట్టం రసమట్టంతో, మూల మూలమట్టంతో చూస్తారు. మీరూ అప్పుడప్పుడు అడిగి చూడండి.

లింటెల్: తలుపు, కిటికీల మీద వచ్చే బీమ్, సాధారణంగా ఏడు అడుగుల ఎత్తులో. రెండు వైపులా గోడ మీద కనీసం ఆరంగుళాలు కూర్చోవాలి. గోడలన్నిటి మీదా తెగకుండా వేస్తే దాన్ని లింటెల్ బ్యాండ్ అంటారు. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమలో దీనికయ్యే ఖర్చు దండగ అనుకోవద్దు.

సన్‌షేడ్: కిటికీ మీద బయటికి వచ్చే పలక. దీని మెయిన్ రాడ్లు పై భాగంలో ఉండాలి. బాల్కనీకీ అంతే. కాంక్రీటు పోసేటప్పుడు మనుషులు తొక్కి వాటిని అడుగుకి దించేస్తారు. అలా దిగితే సెంట్రింగ్ తీసినప్పుడో తర్వాతో అది విరిగి పడొచ్చు. పోసే రోజు ఒక మనిషిని దీని మీదే కాపలా పెట్టండి.

## 7. శ్లాబ్ పోసే రోజు

ముందు రోజు సాయంత్రం ఇంజనీరు వచ్చి ఇనుము చూసి "పోయండి" అని సంతకం పెట్టాలి. లేకపోతే మిక్సర్ పిలవకండి.

ముందు రోజు చూడాల్సినవి:

- సెంట్రింగ్ కింద జాకీలు, సరుగుడు బాదులు గట్టి నేల మీద, పలక ముక్కల మీద ఉన్నాయా? తడి మట్టిలో దిగిపోతాయి.
- షీట్ల సందులు మూశారా? సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోతే అడుగున తేనెపట్టులా కంకర తేలుతుంది.
- మెయిన్ రాడ్ల మధ్య దూరం డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉందా?
- పై రాడ్ల కింద చైర్లు (వాటిని పైన నిలిపి ఉంచే వంచిన రాడ్ ముక్కలు) ఉన్నాయా?
- ఫ్యాన్ బాక్సులు, కరెంటు పైపులు, బాత్‌రూమ్ దగ్గర సన్‌కెన్ శ్లాబ్ (పైపుల కోసం కిందికి దించి పోసే భాగం) లోతు సరేనా?
- వైబ్రేటర్లు రెండు ఉన్నాయా? ఒకటి ఆగితే రెండోది కావాలి.
- టార్పాలిన్లు సిద్ధమా?

30 అడుగులకి 40 అడుగుల ఇంటికి ఐదంగుళాల శ్లాబ్ అంటే 500 ఘనపుటడుగులు. ఎం 20 అయితే శ్లాబ్ వరకే దాదాపు 115 బస్తాల సిమెంటు అవుతుంది. బీమ్‌లకి వేరే. బస్తా మీద తయారీ తేదీ చూడండి. మూడు నెలలు దాటినది శ్లాబ్‌కి వాడొద్దు.

ఎం 20కి సైటు లెక్క ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. ఇసుక, కంకర గమేళాలతో కాకుండా కొలత డబ్బాలతో పోయించండి. నీళ్ళు బస్తాకి 30 లీటర్లు మించకూడదు, తడి ఇసుకలో ఉన్న నీళ్ళు కూడా అందులో భాగమే. మధ్యాహ్నానికి మనుషులు అలిసిపోతారు, పని తేలికవుతుందని పైపు తిప్పేస్తారు. జారుడుగా ఉన్న కాంక్రీటు పోయడం సులువే కానీ బలం పోతుంది. మిక్సర్ దగ్గర మీ ఇంటి మనిషి ఒకరు రోజంతా ఉండాలి.

మధ్యలో ఆపాల్సి వస్తే జాయింట్ ఎక్కడ ఉండాలో ఇంజనీర్ని ముందే అడిగి, చాక్‌తో గుర్తు పెట్టించండి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఆ అంచుని గరుకు చేసి, కడిగి, సిమెంటు పాలు పట్టించాలి.

## 8. క్యూరింగ్, సెంట్రింగ్ తీయడం

పోసిన మర్నాడు శ్లాబ్ మీద మాలుతో చిన్న గట్లు వేసి మడులు కట్టి నీళ్ళు నిలపాలి. పిల్లర్లకి గోనెసంచులు చుట్టి తడుపుతూ ఉండాలి. ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకి కనీసం 7 రోజులు, పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిసిన), స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం కలిసిన) సిమెంట్లకి కనీసం 10. ఎండలు మండే కాలంలో 14 రోజులు చేయండి. ఉప్పు నీళ్ళతో తడపడం కూడా తప్పే.

బీమ్, పిల్లర్ల పక్క పలకలు మర్నాడు తీయొచ్చు. నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబ్‌కి అడుగు ఆధారాలు 7 రోజులు, అంతకి మించితే 14 రోజులు ఉండాలి. బీమ్ కింద ఆరు మీటర్ల దాకా 14 రోజులు, పైన అయితే 21. ఇవి ఓపీసీ లెక్కలు. పీపీసీ, స్లాగ్ సిమెంటు అయితే ఇంకా ఆగాలి, ఎన్నాళ్ళో ఇంజనీర్ని అడగండి. సెంట్రింగ్ వాళ్ళకి ఇంకో సైటు ఉందని ముందే విప్పనివ్వకండి. ఆ అద్దె ఇంకో వారం మీరే కట్టుకున్నా పరవాలేదు.

## 9. ప్లాస్టరింగ్, గచ్చు, రంగులు

కరెంటు, నీళ్ళ పైపులకి గోడలు కొట్టడం ప్లాస్టరింగ్‌కి ముందే అయిపోవాలి. పిల్లర్‌కీ ఇటుక గోడకీ కలిసే చోట చికెన్ మెష్ (సన్న ఇనుప తీగ వల) కొట్టిస్తే నిలువు గీతలాంటి పగులు రాదు. బాత్‌రూమ్ సన్‌కెన్ భాగంలో వాటర్ ప్రూఫింగ్ అయ్యాక రెండు రోజులు నీళ్ళు నిలిపి, కింద చెమ్మ లేదని తేలాకే టైల్స్ వేయండి.

లప్పం, ప్రైమర్, పెయింట్ గోడ పూర్తిగా ఆరాకే. వర్షాకాలంలో గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని తడి గోడ మీద లప్పం పెడితే ఏడాదిలోపే ఊడుతుంది. ముహూర్తానికి ఒక పూత సున్నం చాలు.

## 10. సంప్, సెప్టిక్ ట్యాంక్

ఇంకుడు గుంత, లేదా సోక్ పిట్: నీళ్ళు భూమిలోకి ఇంకే గొయ్యి. నీటిమట్టం పైకి వచ్చే వర్షాకాలంలో ఇది ఇంకదు, వెనక్కి తంతుంది. అందుకే సెప్టిక్ ట్యాంక్ అడుగు, గోడలు నీరు చొరకుండా కాంక్రీటుతో కట్టించండి. బోరుకి వీలైనంత దూరంగా పెట్టండి. బయటికి పోయే పైపు ఎత్తు కాలువ మట్టాన్ని చూసి పెట్టించండి.

సంప్ గానీ సెప్టిక్ ట్యాంక్ గానీ కట్టిన కొత్తలో వర్షాకాలంలో ఖాళీగా వదలకండి. చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి ఖాళీ తొట్టి పైకి లేస్తుంది. సగమైనా నీళ్ళు ఉంచండి.

## 11. తప్పు కనిపించాక ఏం చేయాలి

- పోసిన కొన్ని గంటల్లోనే శ్లాబ్ మీద సన్న గీతలు: ఎండకి, గాలికి తడి త్వరగా పోయింది. ఇంకా పచ్చిగా ఉంటే తాపీతో మళ్ళీ రుద్దించి, తడి గోనెలు కప్పండి.
- పిల్లర్ మీద తేనెపట్టు: పైపైన ఉంటే వదులు భాగం చెక్కి, కడిగి, చిక్కటి మాలుతో నింపి తడపాలి. లోపల రాడ్ కనిపిస్తుంటే ఎవరినీ పూత పెట్టనివ్వకండి. ఫొటో తీసి, ఇంజనీరు వచ్చేదాకా ఆ పిల్లర్ మీద పని ఆపండి.
- పిల్లర్ గుండుకి పడలేదు: పై పిల్లర్‌తో సర్దేస్తాం అంటారు. ఎంత తేడా ఉందో కొలిచి ఇంజనీరుకి చెప్పండి, తీర్పు ఆయనది.
- గోడ అడుగున ఉప్పు పూత: పొడి బ్రష్‌తో దులపండి, నీళ్ళతో కడగొద్దు. డీపీసీ ఉందో లేదో, బయట మట్టి గచ్చు మట్టానికి పైకి వచ్చిందేమో చూడండి. చెమ్మ దారి మూయకుండా పెయింట్ వేస్తే మళ్ళీ అదే పొక్కు.
- కిటికీ మూల నుంచి ఏటవాలు పగులు: రెండు చివర్లా గాజు పలక ముక్క అడ్డంగా అంటించి తేదీ రాయండి. ఒక వర్షాకాలం, ఒక వేసవి చూడండి. గాజు పగలకపోతే కదలిక ఆగినట్టే, పగులు నింపి రంగు వేసుకోవచ్చు. పగిలితే పునాది కదులుతోంది, సాయిల్ రిపోర్టు తీసుకుని స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరికి వెళ్ళండి.